పాత ప్రోగ్రాం, పదకొండు ప్రాణాలు

ఉదయం ఎనిమిది నలభైకి హత్య బయటపడింది.

చచ్చింది మనిషి కాదు, కంప్యూటర్. అయినా మూడో అంతస్తులో ఆ గది ముందు నిలబడ్డవాళ్ళందరూ మనిషే పోయినట్టు గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. తెల్లగా పుట్టి, ముప్పై ఏళ్ళలో పసుపు రంగుకి తిరిగిన పెట్టె అది. లోపల్నించి కాలిన వైరు వాసన వస్తోంది. గూఢచారి డిపార్టుమెంటు ఎలక్ట్రీషియన్ మూత విప్పి, టార్చి వేసి చూసి, పట్టకారుతో వెంట్రుకంత రాగి తీగని బయటికి తీశాడు.

"దానంతటది పోలేదండీ. పవర్ సప్లైలో ఎవరో ఈ తీగ పెట్టారు. స్విచ్ వేయగానే హార్డ్ డిస్కుతో సహా మొత్తం మాడిపోయింది."

గొళ్ళెం ఆ తీగని కాగితంలో మడిచి జేబులో వేసుకున్నాడు. అతని అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు బీరువాలో ఉంది, బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తలుపు వేశాక గొళ్ళేన్ని మూడుసార్లు లాగి చూసుకోనిదే కుర్చీలో కూర్చోడు కాబట్టి అందరూ ఆ పేరే ఖాయం చేశారు. హోటల్లో కాఫీ తెచ్చినవాణ్ణి ముందు నువ్వో గుక్క తాగమంటాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో అతను సంపాదించుకున్న శత్రువుల్లో సగం మంది సర్వర్లే.

పది నిమిషాల తర్వాత చీఫ్ గదిలో బ్రీఫింగ్ మొదలైంది. చీఫ్ ఎంత మెల్లగా మాట్లాడతాడంటే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు కూడా అతని మాటల్ని దొంగచాటుగా వింటున్నట్టే ఉంటుంది.

"నీలిగొడుగు ముఠా సంగతి తెలుసుగా. వాళ్ళ దేశంలో, వాళ్ళ మధ్యనే మనవాళ్ళు పదకొండు మంది మారుపేర్లతో ఉన్నారు. వాళ్ళ పేర్లు ముఠా చేతికి చిక్కాయి. ఈ సాయంత్రం ఆరింటికి అందర్నీ ఒకేసారి ఎత్తేస్తారు. ఆలోపల మనం వెనక్కి పిలవాలి."

"ఫోన్ చేస్తే?"

"వాళ్ళ నంబర్లు మన దగ్గర లేవు. ఉండకూడదు కూడా. వారానికి ఒక్కసారి, ఇవాళ, సాయంత్రం నాలుగింటికి మన రేడియోలో ఒకమ్మాయి ఐదు నిమిషాలు అంకెలు చదువుతుంది. వాళ్ళు వింటారు. ఒక్కొక్కరికి, వెనక్కి రమ్మనే రీకాల్ నంబర్ ఒక్కోటి. తన నంబర్ వినపడితేనే కదులుతారు. లేకపోతే కొంప మునిగినా కదలరు."

"ఆ నంబర్లు..."

"అవి చచ్చిపోయిన కంప్యూటర్లో ఉన్నాయి."

ఆ ప్రోగ్రాంని ముప్పై ఏళ్ళ కిందట రాశారు. కొత్త కంప్యూటర్లోకి మార్చాలని ఏటా ఒక కమిటీ వేశారు. కమిటీకి టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, నివేదిక కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఇంటర్నెట్ లేని పాత పెట్టెలోకి ఏ దొంగా రాలేడని అందరూ ధీమాగా ఉన్నారు. తీగముక్కకి ఇంటర్నెట్‌తో పని లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"సేఫ్‌లో రెండు ఫ్లాపీలున్నాయి," అన్నాడు చీఫ్. "ఒకదాంట్లో ప్రోగ్రాం, ఇంకోదాంట్లో పదకొండు మంది డేటా. పక్కన మాన్యువల్. అది రాసినావిడ పదిహేనేళ్ళ కిందట ప్రమోషన్ ఇవ్వలేదని తలుపు దభాలున వేసి వెళ్ళిపోయింది. ఊరి చివర కుట్టుమెషిన్లు బాగుచేసుకుంటోంది. తీసుకురా. ఆవిడ మీద ఓ కన్నేసి ఉంచు. కడుపులో మంట పదిహేనేళ్ళయినా ఆరదు."

గొళ్ళెం తలూపాడు. మొహం రాయిలా పెట్టుకున్నాడు. ఆ పదకొండు మందిలో ఒకరు అతని అక్క.

ఆ సంగతి అతనికి తెలియకూడదు. అక్క ఏదో దేశంలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోందనే ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. ఆరేళ్ళ కిందట ఇదే బల్లమీద తలకిందులుగా పడి ఉన్న పాస్‌పోర్టు ఫోటో ఒకటి అతని కంటపడింది. అమ్మ పోయాక రోజూ తల దువ్వి బడికి పంపిన మొహం, తలకిందులుగా ఉంటే మాత్రం గుర్తుపట్టలేడా? ఆ రోజు నుంచి ఒక్కరితోనూ అనలేదు. చీఫ్‌కి తెలిస్తే ముందు ఉద్యోగం పోతుంది, తర్వాత అక్కని ఇంకెక్కడికో పంపేస్తారు. వారం వారం రేడియోలో ఆ అంకెలు మాత్రం చెవులప్పగించి వినేవాడు.

అప్పుడే అత్తరు వాసన, దాని వెనకాలే ఒకావిడ గదిలోకి వచ్చింది. కోడ్ నేమ్ నెమలి. కమిటీ సిఫార్సు మీద ఒక మిత్రదేశపు ఏజెన్సీ నుంచి మూడు వారాల కిందట వచ్చిన కన్సల్టెంట్. ముదురాకుపచ్చ సిల్కు చొక్కా, అదే రంగు గోళ్ళు, మోకాలి దాకా బూట్లు. కారిడార్లో ఆమె నడిచి వెళుతుంటే గుమాస్తాలు కూడిక మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదట్నించి మొదలెడతారు. మన భాష మనకంటే శుభ్రంగా మాట్లాడుతుంది. గొళ్ళేనికి ఆమెలో ముందు నచ్చనిది అదే.

"కంగారు పడకండి," అందామె, కొత్త లాప్‌టాప్ బల్లమీద పెడుతూ. "పాత ప్రోగ్రాంని ఇందులో సూటిగా పెడితే గడప కూడా దాటనివ్వదు. అందుకని ఎమ్యులేటర్ వాడతాం. కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్ వేషం వేస్తుందన్నమాట. పాత సాఫ్ట్‌వేర్ తన సొంతింట్లోనే ఉన్నాననుకుని పనిచేసుకుపోతుంది."

వేషం అనగానే గొళ్ళేనికి సగం అర్థమైపోయింది. తను తినే తిండీ ఆ వేషాలదే.

"మాన్యువల్ ఒకసారి చూస్తే పని తేలికవుతుంది," అందామె.

"అది బయటివాళ్ళకి చూపించం," అన్నాడు చీఫ్.

"మీ ఇష్టం." నెమలి నవ్వి ఊరుకుంది. అంత తేలిగ్గా ఊరుకోవడం కూడా గొళ్ళేనికి నచ్చలేదు.

*

పన్నెండున్నరకి గొళ్ళెం దర్జీ వేషంలో మెకానిక్కుల వీధిలోకి దిగాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, చంకలో డిపార్టుమెంటు సామాన్ల గది వాళ్ళిచ్చిన పాత కుట్టుమెషిన్. కళ్ళజోడు కూడా ఆ గదిదే. అద్దాల చివర్లో గోరంత అద్దం ముక్కలు అతికించి ఉంటాయి, తల తిప్పకుండా వెనకాల ఏం జరుగుతోందో చూడొచ్చు.

దుకాణం ఇరుగ్గా ఉంది. గోడనిండా బెల్టులు, బాబిన్లు, మేకులకి వేలాడే చక్రాలు. వెనకాల, జుట్టంతా నెరిసిన పెద్దావిడ, మెషిన్ పొట్టలో నూనె చుక్కలు వేస్తోంది.

గొళ్ళెం కోడ్ మాట అందుకున్నాడు. "సూది మార్చినా దారం తెగుతోందండీ."

ఆవిడ తలెత్తలేదు. "తెగేది సూది వల్ల కాదు, చేతి తొందర వల్ల." జవాబు సరిపోయింది. తర్వాత కళ్ళజోడు పైనుంచి చూసింది. "నీ వేళ్ళకి సూది గుచ్చుకున్న మచ్చ ఒక్కటి లేదు. నువ్వేం దర్జీవి నాయనా?"

గొళ్ళెం మెడలోంచి టేపు తీసేశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "మెషిన్ పోయింది మేడం. నాలుగింటికల్లా ప్రోగ్రాం నడవాలి."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఎవరు, ఎలా అని అడగలేదు. చేతులు తుడుచుకుని, బల్ల కిందనుంచి సర్ది పెట్టి ఉన్న సంచి ఒకటి బయటికి లాగింది.

"సంచి ముందే సర్దుకున్నారే?" అన్నాడు గొళ్ళెం.

"పదిహేనేళ్ళ కిందటే సర్దాను. ఏదో ఒకరోజు అది చస్తుంది, మీరు పరిగెత్తుకొస్తారు. ఇంత ఆలస్యమవుతుందనుకోలేదు."

ఆ జవాబు బాగానే ఉంది. మరీ బాగుంది, అదే గొళ్ళేన్ని గుచ్చింది. కారెక్కాక కూడా సంచి మీదనుంచి చూపు తిప్పలేదు. మూడు సందులు దాటేసరికి కళ్ళజోడు అద్దంలో నల్ల మోటార్‌సైకిలు కనపడింది. ఎడమకి తిరిగితే ఎడమకి, కుడికి తిరిగితే కుడికి. కూరగాయల మార్కెట్టులోకి కారు దూర్చి, ఎదురుగా వస్తున్న లారీకి వెంట్రుకవాసిలో తప్పించి, అవతల రోడ్డెక్కాడు. మోటార్‌సైకిలు ఉల్లిపాయ బస్తాల్లో ఇరుక్కుపోయింది. పెద్దావిడ మాత్రం బస్సులో కూర్చున్నట్టు నింపాదిగా ఉంది.

"ఆ మాన్యువల్ ఇంకా ఉందా?" అని అడిగింది.

"సేఫ్‌లో భద్రంగా ఉంది."

"అందులో అబద్ధం ఎక్కడుందో ఎవరికి తెలుసు?"

గొళ్ళెం కాలు బ్రేకు మీద బిగుసుకుంది. డిపార్టుమెంటు పుట్టినప్పటినుంచీ ఒక నియమం ఉంది. రహస్య కాగితం ఏది రాసినా అందులో కావాలని ఒక్క అబద్ధం పెట్టాలి. అదెక్కడుందో రాసి ఉంచకూడదు. రాసినవాళ్ళు వాడేవాళ్ళకి చెవిలో చెప్పాలి, వాళ్ళు తర్వాతివాళ్ళకి చెప్పాలి. కాగితం దొంగిలించినవాడు ఆ ఒక్క అబద్ధం దగ్గర బోర్లా పడతాడు. గొళ్ళేనికి అది తెలుసు, కానీ ఈ మాన్యువల్ విషయంలో ఆ ఆలోచనే రాలేదు.

"మీరెవరికి చెప్పారు?"

"అప్పటి ఆపరేటర్‌కి. ఆయన తర్వాతి ఆపరేటర్‌కి చెప్పాలి."

"చివరి ఆపరేటర్ పోయినేడాది గుండెపోటుతో పోయాడు. ఎవరికీ చెప్పినట్టు లేదు. ఆయన ఎవర్నీ నమ్మేవాడు కాదు."

"మంచి ఉద్యోగి," అంది పెద్దావిడ నిట్టూర్చి.

"మరి ఏడాదిగా వారం వారం నడుపుతూనే ఉన్నారుగా?"

"మామూలు అంకెలకి మామూలు పేజీ చాలు. వెనక్కి పిలిచే పేజీని ముప్పై ఏళ్ళలో ఎవరూ తెరిచి ఉండరు. అబద్ధం అక్కడుంది."

"నాకు చెప్పండి మేడం."

"నిన్ను నమ్మొచ్చని ఎవరన్నారు?"

"చీఫ్."

"వాణ్ణి నమ్మొచ్చని ఎవరన్నారు?"

తనని మించిన అనుమానం మనిషి ఈ ఇరవై ఏళ్ళలో తగలడం ఇదే మొదటిసారి. వేళ వచ్చినప్పుడు అక్కడే చెబుతానని ఆవిడ కిటికీలోంచి బయటికి చూడసాగింది.

*

రెండూ పదికి మూడో అంతస్తుకి చేరారు. బల్లమీద లాప్‌టాప్, దానికి తగిలించిన ఫ్లాపీ డ్రైవ్, పక్కన రెండు ఫ్లాపీలు. ఒక ఫ్లాపీ మీద నెమలి హ్యాండ్‌బ్యాగు కూర్చుని ఉంది.

పెద్దావిడ గుమ్మంలోంచే కేక వేసింది. "ఆ బ్యాగు తియ్యి ముందు!"

నెమలి ఉలిక్కిపడినట్టు తీసింది. బ్యాగు మూతకి అయస్కాంతం బిళ్ళ ఉంది, అది తగిలితే ఫ్లాపీలో రాసినది చెరిగిపోతుంది. దాని కింద ఇంతసేపు నలిగింది ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ. డ్రైవ్‌లో పెడితే గర్రుగర్రుమని గోకి, చదవలేనని చేతులెత్తేసింది.

"అయ్యో, చూసుకోలేదు. ఈ కాలంలో ఫ్లాపీలు ఎవరు వాడుతున్నారండీ, మర్చిపోయాను," అంది నెమలి.

చీఫ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దావిడ సంచిలో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన నల్ల ఫ్లాపీ ఒకటి తీసింది.

"ప్రోగ్రాం కాపీ. డేటా కాదులే, ఉత్త ప్రోగ్రామే."

"ఇంటికి తీసుకెళ్ళారా?" చీఫ్ గొంతు మొట్టమొదటిసారి గది మొత్తానికి వినపడింది. "ఇది జైలుకెళ్ళే నేరం!"

"నాలుగు దాటాక పంపించు. ఇప్పుడు పక్కకి జరుగు."

ఆ మాటతో చీఫ్ జరిగాడు కానీ, గొళ్ళెం చెవిలో అన్నాడు. "పదిహేనేళ్ళు ఇంట్లో పెట్టుకున్న కాపీ. అందులో ఏం మార్చిందో ఎవడికి తెలుసు?" గొళ్ళేనికీ అదే అనుమానం. బ్యాగు పెట్టినావిడనా, కాపీ దాచినావిడనా, ఎవర్ని నమ్మాలో తేలడం లేదు.

నెమలి ఎమ్యులేటర్ నడిపించింది. వేగం దగ్గర పూర్తిగా పైకి పెట్టింది. నల్ల తెరమీద రెండు ఇంగ్లిషు ముక్కలు మెరిసి, రన్‌టైమ్ ఎర్రర్ టూ హండ్రెడ్ అంటూ ఆగిపోయింది. మళ్ళీ నడిపించింది, మళ్ళీ అదే.

"ఈ కాపీ పాడైపోయింది," అంది నెమలి.

"కాపీకేం? ఉక్కుముక్కలా ఉంది," అంది పెద్దావిడ. "మొదలవగానే ఈ ప్రోగ్రాం తనున్న కంప్యూటర్ ఎంత వేగమో కొలుచుకుంటుంది. అప్పట్లో ఇంత వేగం కలలో కూడా అనుకోలేదు. కొలత లెక్కకి అందక, భాగహారం దగ్గర బోల్తా పడింది. వేగం తగ్గించు."

"తగ్గిస్తే నత్తనడక నడుస్తుంది. మనకి టైము లేదు."

"నడవనిదానికంటే నత్త నయం. తగ్గించు."

ఒకావిడ పెంచమంటుంది, ఒకావిడ తగ్గించమంటుంది. గొళ్ళెం ఇద్దరి మధ్యా నిలబడి, కళ్ళజోడు అద్దంలో ఒకర్నీ, ఎదురుగా ఇంకొకర్నీ చూస్తున్నాడు. ఆఖరికి చీఫ్ తగ్గించమన్నాడు. వందో వంతుకి, తర్వాత ఇంకా కిందికి. ఒక్కోసారి మొదట్నించి నడపాల్సి వచ్చింది. డ్రైవ్ పేరు ప్రోగ్రాంకి నచ్చలేదు, మార్చారు. కీబోర్డు దానికి అర్థం కాలేదు, మార్చారు. మూడూ ముప్పై ఎనిమిదికి తల ప్రాణం తోకకొచ్చాక, ఆకుపచ్చ అక్షరాలతో పాత ప్రోగ్రాం నెమ్మదిగా కళ్ళు తెరిచి పాస్‌వర్డ్ అడిగింది.

చీఫ్ పాస్‌వర్డ్ కొట్టాడు. డేటా ఫ్లాపీ చాలాసేపు మూలిగింది. వెనక్కి పిలిచే పేజీ వచ్చింది. దానిమీద రెండే రెండు గుర్తులున్నాయి, ఎఫ్ త్రీ, ఎఫ్ సెవెన్. ఏది నొక్కితే ఏమవుతుందో తెరమీద రాసి లేదు.

చీఫ్ మాన్యువల్ని ఛాతీకి ఆనించుకుని, ఎవరికీ కనపడకుండా తెరిచి చూసుకున్నాడు. గొళ్ళేన్ని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు. "ఒకటి నంబర్లు చూపిస్తుంది, ఇంకోటి శాశ్వతంగా చెరిపేస్తుంది. ఎఫ్ త్రీ చూపించేది. ఎఫ్ సెవెన్ చెరిపేది." తర్వాత బయటికి, "ఎఫ్ త్రీ నొక్కుతున్నాను," అన్నాడు.

"వద్దు!" అంది పెద్దావిడ. "ఎఫ్ సెవెన్."

గొళ్ళెం గడియారం చూశాడు. మూడూ యాభై రెండు.

"ముందు ఫ్లాపీకి కాపీ తీస్తే?" అన్నాడు.

"కాపీలో తెరుచుకోదు. ఫ్లాపీ మూలనున్న మీట జరిపి, ఏదీ చెరపడానికి వీల్లేకుండా చేసినా తెరుచుకోదు. ఆ రెండూ ఆలోచించే రాశాను," అంది పెద్దావిడ. ఆ గొంతులో ఈ పరిస్థితిలో కూడా కాస్త గర్వం ఉంది.

చీఫ్ గొళ్ళెం చొక్కా పట్టుకుని పక్కకి లాగాడు. "విన్నావా? చెరిపేది నొక్కమంటోంది! పగ తీర్చుకోవడానికే వచ్చింది."

"అబద్ధం అక్కడే ఉందట సార్."

"అని ఆవిడ చెప్పింది. అబద్ధం వేరే పేజీలో ఉంటే?"

రెండు కీలు, ఒకదాని వెనక అక్క ఉంది, ఇంకోదాని వెనక అక్క లేదు. బతుకంతా అందర్నీ అనుమానించి నెట్టుకొచ్చినవాడికి, ఇప్పుడు ఎవరో ఒకర్ని నమ్మక తప్పని గతి పట్టింది. ఆ విద్య తనకి రాదని తెలిసి ఏడుపొచ్చింది.

అప్పుడు నెమలి మెత్తగా అంది. "రాసినావిడ మాట కంటే గొప్పదేముంది? పెద్దావిడ చెప్పినట్టు ఎఫ్ సెవెన్ నొక్కేయండి."

గొళ్ళెం తల ఠక్కున లేచింది. పొద్దుట్నించి పెద్దావిడ ఏం చెప్పినా అడ్డం తిరిగిన మనిషి, ఈ ఒక్క మాటకి తందానా అనడమేమిటి? ఎఫ్ సెవెన్ ఏం చేస్తుందో ఆమెకి తెలియకూడదు. తెలియనివాళ్ళు ఇలాంటప్పుడు నోరు మూసుకుంటారు. ఎఫ్ సెవెన్ చెరిపేస్తుందని మాన్యువల్లో చదువుకున్నవాళ్ళయితే, ఇదిగో, ఇలా తొందరపడతారు.

పరీక్షించడానికి ఒకటే దారి. గొళ్ళెం తెరకి ఎదురుగా, నెమలికి వీపు పెట్టి నిలబడి, చీఫ్ మణికట్టు గట్టిగా పట్టుకుని, "సరే సార్. ఎఫ్ త్రీయే నొక్కండి," అన్నాడు పైకి. చీఫ్ నొక్కబోతే చెయ్యి కదలనివ్వలేదు. చీఫ్ తెల్లబోయి చూశాడు.

కళ్ళజోడు అద్దంలో నెమలి చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది. బంగారు రంగు లిప్‌స్టిక్ బయటికి వచ్చింది. మూత తీసింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళెవరూ దాన్ని లిప్‌స్టిక్ అనుకోరు.

"చేతులు పైకి," అంది నెమలి. గొంతులో మెత్తదనం పోయింది. "ముగ్గురూ గోడకి ఆనుకోండి. తీగ పెట్టాక పని అయిపోయిందనుకున్నాను. తర్వాత మీ వెనకాల మోటార్‌సైకిలు పంపాల్సి వచ్చింది, సేఫ్ తెరిచిన సందులో దొంగచాటుగా ఆ మాన్యువల్ చదవాల్సి వచ్చింది. మీరు మరీ ఎక్కువ శ్రమ పెట్టారు."

గొళ్ళెం గోడకి ఆనుకున్నాడు. లిప్‌స్టిక్ కొస అతని ఛాతీ వైపే ఉంది. నెమలి లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళి, ఆకుపచ్చ గోరుతో, తీరిగ్గా, ఎఫ్ సెవెన్ నొక్కింది.

తెర నల్లగా అయిపోయింది.

"మీ పదకొండు మందికీ నా సానుభూతి," అందామె.

పెద్దావిడ చెప్పింది నిజమని గొళ్ళెం బుర్రకి తెలుసు. గుండెకి మాత్రం ఆ నల్లతెర తప్ప ఏమీ కనపడలేదు. వీధి మలుపులో నిలబడి, బడిలోకి వెళ్ళేదాకా చూస్తూ ఉండే అక్క. ఎక్కడో పరాయి ఊళ్ళో, చెవి దగ్గర రేడియో పెట్టుకుని, తన నంబర్ రాక, ఏమీ జరగలేదనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయే అక్క.

నల్లతెర మీద ఆకుపచ్చ అంకె ఒకటి మొలిచింది. తర్వాత ఇంకొకటి. వేగం తగ్గించారు కదా, ఒక్కో అంకె ఆచితూచి వస్తోంది. మొదటి వరస పూర్తయింది. ఒకటో నంబర్ మనిషి, ఐదు అంకెలు.

నెమలి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. చూపు ఒక్క క్షణం తెరవైపు తిరిగింది. గొళ్ళేనికి ఆ క్షణం చాలు. చీఫ్ చంకలోని మాన్యువల్ లాగి ఆమె చేతి మీదికి విసిరాడు. లిప్‌స్టిక్ పైకి పేలి సీలింగులో బెజ్జం పెట్టింది. లాప్‌టాప్ మీద పడబోయిన ఆమెని గొళ్ళెం అడ్డంగా పట్టేశాడు. బూటు మడమతో మోకాలి మీద తన్నింది, కళ్ళజోడు ఎగిరిపోయింది, అయినా వదల్లేదు. గార్డులు పరిగెత్తుకొచ్చి చేతులు వెనక్కి విరిచి కట్టారు.

పెద్దావిడ కిందపడిన మాన్యువల్ తీసి దుమ్ము దులిపింది. "దొంగచాటుగా వచ్చినవాడు ముందు చేసేది చెరపడమే. అందుకే చెరిపే కీ అని రాసినచోట చూపించే కీ పెట్టాను." నెమలి వైపు మెచ్చుకోలుగా చూసింది. "మాన్యువల్ మొత్తం చదివినవాళ్ళని ఈ డిపార్టుమెంటులో ఇప్పుడే చూస్తున్నాను."

నెమలి మొహం మాడ్చుకుని గార్డుల వెంట వెళ్ళింది. మూడూ యాభై ఎనిమిది.

తెరమీద నాలుగో నంబర్ నడుస్తోంది. చీఫ్ వంగి, ఒక్కో నంబర్ ఒక్కో చీటీ మీద రాస్తున్నాడు. "వేగం పెంచండి! నాలుగింటికి మొదలైతే ఐదు నిమిషాలే!"

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను," అంది పెద్దావిడ.

నాలుగు కొట్టింది. పక్క గదిలో అంకెలు చదివే అమ్మాయి మైకు ముందు గొంతు సవరించుకుంది. గొళ్ళెం చీటీలు అందుకుని కుంటుకుంటూ పరిగెత్తాడు. మొదటి చీటీ, రెండోది, మూడోది. అమ్మాయి గొంతు ఏ కంగారూ లేకుండా సాగుతోంది. ఏడో నంబర్ చదివేసరికి ఎనిమిదోది ఇంకా తెరమీద పుడుతోంది. నాలుగు గంటల మూడు నిమిషాలకి పది నంబర్లు అయ్యాయి. పదకొండో నంబర్ నాలుగో అంకె దగ్గర ఆగిపోయి, ఫ్లాపీ గర్రున గోకింది. పెద్దావిడ డ్రైవ్ మీద అరచెయ్యి ఆనించి కదలకుండా పట్టుకుంది. ఐదో అంకె వచ్చింది. గొళ్ళెం చీటీ కోసం ఆగలేదు, గుమ్మంలోంచే వేళ్ళు చూపించి ఒక్కో అంకె చెప్పాడు. అమ్మాయి చివరి అంకె చదవడం, ఐదో నిమిషం పూర్తయి ఎర్ర దీపం ఆరిపోవడం ఒకేసారి జరిగాయి.

ఇక మిగిలింది ఎదురుచూపు. నంబర్ అందినవాళ్ళు సరిహద్దు దాటే బండి ఎక్కేముందు, మూడో దేశంలో ఒక నంబరుకి ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తారు. అది ఈ బల్లమీది ఫోన్‌కి మిస్డ్ కాల్‌గా వస్తుంది. ఎవరు ఇచ్చారో తెలియదు. లెక్క పెట్టుకోవడమే.

నాలుగూ ఇరవైకి మొదటిది మోగింది. ఆ వెనకే రెండు. ఐదయ్యేసరికి ఏడు. ఐదున్నరకి పది. తర్వాత ఫోన్ మోగలేదు.

ఆ రాని ఒక్కరూ ఎవరైనా కావచ్చు. గొళ్ళేనికి మాత్రం అక్క తప్ప ఇంకెవరూ తట్టలేదు. అక్క ఏనాడు ఏ పనికి టైముకి వచ్చింది గనక? ఐదూ నలభై. తలుపు గొళ్ళెం లాగి చూడటానికి లేచి, ఎందుకు లేచాడో మర్చిపోయి మళ్ళీ కూర్చున్నాడు. పెద్దావిడ అతని వైపు చూసింది, ఏమీ అడక్కుండా తన నీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపింది. అతను దాన్ని ఎవరికీ రుచి చూపించకుండానే గడగడా తాగేశాడు.

ఐదూ యాభై రెండుకి ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది.

పదకొండు.

గొళ్ళెం గోడవైపు తిరిగాడు. కళ్ళజోడు పగిలిపోయింది కాబట్టి దాని వెనక దాక్కునే వీలు కూడా లేదు. భుజాలు కదలకుండా చాలా జాగ్రత్తపడ్డాడు కానీ అవి మాట వినలేదు. చీఫ్ చాలాసేపు కాగితాలు సర్దాడు. సర్దడానికి అక్కడ ఒక్క కాగితమే ఉంది.

"ఆ పదకొండు మంది ఎవరో నీకు తెలీదు కదా?" అని అడిగాడు చివరికి, ఎప్పటిలాగే మెల్లగా.

"తెలీదు సార్."

"తెలిస్తే నిన్ను ఈ గదిలో ఉంచకూడదు. రూలు."

"తెలుసు సార్."

"మంచిది." చీఫ్ వ్యాను తాళాలు తీసి గొళ్ళెం చేతికిచ్చాడు. "రేపు మధ్యాహ్నం విమానాశ్రయంలో పదకొండు మంది దిగుతారు. నీకు తెలియనివాళ్ళే కాబట్టి అందర్నీ తీసుకురావడానికి నువ్వే వెళ్ళు. ఒకావిడ నిన్ను చూడగానే ముందు నీ జుట్టు సరిచేస్తుంది, అది మాత్రం రిపోర్టులో రాయకు."